గేటు బయటి సగం మాటలు

మా ఆయన పేరు ప్రేమ్‌సాగర్. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పేరు నా నోటితో నేను పలికింది లేదు. మా అమ్మ మా నాన్న పేరు పలకలేదు, మా అత్త మా మామ పేరు పలకలేదు, నేనూ అంతే. "ఇగో" అంటాను, వినపడకపోతే ఇంకోసారి "ఇగో" అంటాను. నేను ఇంత జాగ్రత్తగా నోట్లో దాచుకున్న పేరును ఎవరో ఒకామె సగానికి కత్తిరించి ఫోన్లో "ప్రేమ్" అని పిలుస్తుంటే నాకు ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఆమె పేరు శోభారాణి. మణుగూరు దగ్గర ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మా ఆయన డంపర్ నడుపుతాడు. ఆమెకూ అక్కడే పని. వాళ్ళ నాన్న అన్‌ఫిట్ అయితే వచ్చిన ఉద్యోగం. అన్‌ఫిట్ అంటే ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు, ఇతను ఇక పనికి పనికిరాడని దవాఖానాలో డాక్టర్లు తేల్చేయడం, ఆ ఉద్యోగం కొడుక్కో కూతురికో రావడం. వాకీటాకీలో పొడుగు పేర్లు పిలుస్తూ కూర్చుంటే పని సాగదట. అందుకని ఆయన ప్రేమ్ అయ్యాడు, ఆమె రాణి అయింది. ప్రేమ్, రాణి. ఇంకేం కావాలి, గోడకు పోస్టర్ అంటించడమే తరువాయి.

ముందే చెబుతున్నాను, నేను అనుమానపు మనిషిని కాను. కుళ్ళుబోతును. రెండూ ఒకటి కాదు. అనుమానం ఉన్నది జేబులు వెతుకుతుంది, చొక్కా వాసన చూస్తుంది. నేను ఏనాడూ ఆ పని చేయలేదు. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ లేదని నాకు బాగా తెలుసు. ఉంటే చీపురు తీసుకునేదాన్ని, లెక్క అక్కడికక్కడ తేలిపోయేది. వాళ్ళు మాట్లాడుకునేది పని. పని మీదికి చీపురు ఎట్లా ఎత్తను?

ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికి వచ్చాక ఆయన కాళ్ళు కడుక్కునే ముందు గేటు బయట నిలబడి ఆమెకు ఫోన్ చేస్తాడు. నేను వసారాలో కూర్చుని జాకెట్లకు హెమ్మింగ్ చేస్తుంటాను. "లెఫ్ట్ సాఫ్టు గద" అంటాడు. "టూ బీడీ" అంటాడు. "రేపు ఓబీ ఎక్కువ, అటు దిక్కు వద్దని చెప్పు" అంటాడు. అవతలి నుంచి ఆమె ఏదో అంటుంది, ఈయన నవ్వుతాడు. ఆ నవ్వు మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని గేటు దాటగానే మనిషి మారిపోతాడు. "కూరేంది?" అంటాడు. "గ్యాస్ అయిపోయిందా?" అంటాడు. నాకు ఇచ్చేవి నిండు మాటలే, కానీ అందులో ఏమీ ఉండదు. ఆమెకు ఇచ్చేవి సగం మాటలు, ఎందుకంటే మిగతా సగం ఆమె దగ్గర ఉందని ఆయనకు నమ్మకం. నా కడుపు మండింది ఆ మిగతా సగం చూసి.

గేటు బయటే ఎందుకు మాట్లాడతాడంటే అది మా అత్త పెట్టిన కట్టుబాటు. మా అత్త సోమమ్మ. మా మామ మంగయ్య పాత రోజుల్లో భూమి లోపలి అండర్‌గ్రౌండ్ గనిలో పని చేసేవాడు, ఒకరోజు బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. దానికి ముందురోజు రాత్రి అన్నం దగ్గర కూర్చుని, కప్పు కరకరమంటున్నదని చెప్పాడట. అప్పటినుంచి బాయి మాట ఇంట్లోకి రాకూడదని అత్త శాసనం. బాయి అంటే మాకు బొగ్గు గని. చెప్పులతో పాటు ఆ మాట కూడా గేటు దగ్గర విడిచి రావాలి. మా ఆయన తల్లి మాట జవదాటడు. దాంతో ఆయన రోజంతా ఏం చేశాడో, ఏం చూశాడో, అంతా గేటు బయట ఆ రాణికే దక్కేది. నాకు మిగిలింది కూర.

సగం మాటలకు ఎంత బలం ఉంటుందో నాకు తెలియక కాదు. నేను షాకేరా దగ్గర బట్టలు కుడతాను. బజార్లో ఒకే కొట్టును పరదా కట్టి రెండు చేశారు. ముందు సగంలో ఆమె భర్త మజహర్ భాయ్ బండ్ల సీట్లు, టార్పాలిన్లు కుడతాడు. వెనక సగంలో మేము ఆడవాళ్ళ బట్టలు కుడతాం. పక్కా కుట్టు వేసే ముందు తాత్కాలికంగా వేసేదాన్ని మేము కచ్చా అంటాం. మాట మీద నిలబడని గిరాకీ ఎవరన్నా గుమ్మం ఎక్కితే షాకేరా తల ఎత్తకుండానే "కచ్చా" అంటుంది. నేను వెంటనే అడ్వాన్స్ అడుగుతాను. ఆ పక్క కిరాణా కొట్టులో కచ్చా అంటే పన్ను లేని బిల్లు. కటింగ్ అంటే మాకు కత్తెర, హోటల్లో సగం చాయ్, బాయి వాళ్ళకు జీతంలో కోత. బీడీ అంటే అడవి ఊళ్ళ వాళ్ళకు తునికాకు గుర్తొస్తుంది, ఎండాకాలం కూలి గుర్తొస్తుంది. నాలుగు కొట్లు దాటితే అదే మాట నాలుగు పనులు చేస్తుంది. మేమిద్దరం అట్లా సగం సగం మాట్లాడుకుంటుంటే ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి ముఖం చిన్నబోతుంది. తన గురించే అనుకుంటుంది, చాలాసార్లు నిజంగానే తన గురించే. ఆ ముఖం చూసి నేను చాలాసార్లు లోలోపల నవ్వుకున్నాను. సాయంత్రం మా వసారాలో ఆ ముఖం నాది.

ఏడ్చేకంటే నేర్చుకోవడం నయమనుకున్నాను. మజహర్ భాయ్ దగ్గరికి సీట్లు కుట్టించుకోవడానికి ఓపెన్‌కాస్ట్ ఆపరేటర్లు వస్తారు, ఆయనకు ఆ భాషంతా వచ్చు. పరదా పక్కకు జరిపి అడిగేదాన్ని. ఓబీ అంటే బొగ్గు పైన ఉండే మట్టి, బండ. దాన్ని తీసి డంపర్లలో పోసి, దూరంగా గుట్టలాగా పోస్తారు, ఆ గుట్టే డంపు. బీడీ అంటే మిషన్ చెడిపోవడం. సాఫ్టు అంటే వానకు నాని, బరువు ఆగని నేల. భాయ్ చెప్పినవన్నీ నాకు ఒక్కసారికే పట్టుబడేవి. బళ్ళో చదువుకునే రోజుల్లో ఇంత బుద్ధి ఉంటే నేనే ఆఫీసరయ్యేదాన్నని షాకేరా ఎక్కిరించేది. నీకు మంట పుడితేనే చదువు వస్తుందే అనేది. నిజమే.

అట్లా నేర్చుకుంటూ ఉండగానే ఒకరోజు భాయ్ నోటి వెంట ఇంకో మాట జారింది. నైట్ షిఫ్ట్‌కు అలవెన్సు వస్తుంది కదా, అందరూ దాని కోసం ఎగబడుతుంటే మా ఆయన మాత్రం తన నైట్లన్నీ మ్యూచువల్ ఇచ్చేస్తున్నాడట. మ్యూచువల్ అంటే ఇద్దరు ఒప్పుకుని షిఫ్టులు మార్చుకోవడం. తన నైట్ ఎవరికో ఇచ్చి, వాళ్ళ ఫస్ట్ తను తీసుకుంటున్నాడు. ఆడవాళ్ళకు ఎక్కువగా ఫస్టే వేస్తారు. శోభారాణిది ఎప్పుడూ ఫస్టే.

ఆరోజు నేను కుట్టిన జాకెట్‌కు రెండు చేతులూ ఒకే వైపువి పడ్డాయి. షాకేరా విప్పి నా ముందు పెట్టింది. ఆయన ఫస్ట్ చేస్తే మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటాడని, నా కోసమే మార్చుకుంటున్నాడని నేను ఇన్నాళ్ళు మురిసిపోయాను. చుట్టుపక్కల ఆడవాళ్ళకు గొప్పగా కూడా చెప్పుకున్నాను. నా కోసం కాదు. ఆమె ఉండే షిఫ్ట్ కోసం.

అడుగుదామనుకుంటూనే వానలు పట్టుకున్నాయి. భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతున్నదని రోజూ చెప్పేవాళ్ళు. అట్లాంటి ఒక రోజు ఆయన మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో వచ్చాడు. ఎప్పటిలాగే గేటు బయట ఫోన్ తీశాడు. నేను వసారాలో చీర అంచు పట్టుకుని కూర్చున్నాను.

"బ్యాక్ దిగింది గద రాణీ. నాకింక చేతులు వణుకుతనే ఉన్నయి" అన్నాడు.

మునుపైతే ఆ మాట నా చెవి పక్కనుంచి పోయేది. ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. డంపర్ వెనక టైర్లు డంపు అంచులో కుంగాయి. ఆ అంచు కింద లోయ ఉంటుందని మజహర్ భాయ్ చెప్పాడు. నిజం చెప్పాలంటే నాకు ముందు భయం వేయలేదు, మంట పుట్టింది. చేతులు వణుకుతున్నాయని ఇన్నేళ్ళలో ఒక్కసారి నాతో అనలేదు. ఆ వణుకు కూడా ఆమెకే ఇచ్చాడు. భయం తర్వాత వచ్చింది, వచ్చాక ఇక పోలేదు.

లోపలికి వచ్చాక ఇంత మట్టి ఏందని అడిగాను. వాన గద అన్నాడు. కూరేందని అడిగాడు. పళ్ళేలు పెట్టాను. అత్త, ఆయన ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన పప్పు కలుపుకుని మొదటి ముద్ద ఎత్తాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"బ్యాక్ ఎంత దిగింది?" అన్నాను.

అత్త చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఆమెకు ఆ మాట అర్థం కాదనుకున్నాను. బాయి ఇంటి ఆడదానికి ఏ మాటకు ఏ అర్థమో చెప్పక్కర్లేదని అప్పుడు తెలిసింది. కొడుకు ముఖం వైపు, మట్టి ఇంకిన గోళ్ళ వైపు చూసింది.

"గా మాట ఈ ఇంట్లకు ఎవలు తెచ్చిండ్రు?" అంది.

"నేను తేలే అమ్మా" అన్నాడు ఆయన. అది నిజం. నేను తెచ్చాను.

అత్త అన్నంలోనే చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళి వసారాలో కూర్చుంది. చీకటి పడేదాకా లోపలికి రాలేదు. ఆమెను అట్లా చూసి నాకు నా మీద కోపం రాలేదు, ఆయన మీద వచ్చింది. నాకు చెప్పి ఉంటే నేను గిన్నెలు తోముతూ మెల్లగా అడిగేదాన్ని కదా. ఆ మాటే అన్నాను. నువ్వు భయపడతావని చెప్పలేదన్నాడు. మరి ఆమె భయపడదా అన్నాను.

"ఆమెకు అది పని" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నేను చేసేది ఏమిటి, ఆయన ఇంటికి వస్తాడో రాడో అని చూసుకుంటూ కూర్చోవడం పని కాదా? దానికి మస్టర్‌లో హాజరు పడదు, జీతం రాదు, అంతే తేడా. ఆ తర్వాత కొన్నాళ్ళు మా మధ్య కూర మాట కూడా లేదు. ఆయన ముఖం వాడిపోయింది. ఫోన్ చేసినా ఎక్కువసేపు మాట్లాడటం లేదు, నవ్వడం అసలే లేదు. నాతో గొడవ పడినందుకు బాధపడుతున్నాడని నేను లోపల కాస్త సంతోషించాను కూడా.

ఆదివారం ఆయన ప్లేడే డ్యూటీకి వెళ్ళాడు. సెలవు రోజున డబుల్ జీతానికి చేసే డ్యూటీని మేం అట్లా అంటాం. శోభారాణికి ఆ రోజు డ్యూటీ లేదని మజహర్ భాయ్ ద్వారా కనుక్కుని నేను బూర్గంపాడు బస్సు ఎక్కాను. ఆమె ఇల్లు అక్కడే. దారంతా ఏం అనాలో సర్దుకున్నాను. వేడుకోకూడదు, ఏడవకూడదు. వాళ్ళ మాటతోనే కొట్టాలి. "నీ ఫస్ట్ ఎవలకన్న మ్యూచువల్ ఇచ్చి సెకండ్‌కు పో" అనాలి. ఆ ఒక్క మాట చాలు, నేను ఎవరో, నాకు ఎంత తెలుసో ఆమెకు అర్థం కావాలి.

ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి ఆమె గోడకు అంటిన వరద బురదను చీపురుతో కడుగుతోంది. లోపల మంచం మీద ముసలాయన దగ్గుతున్నాడు. ఆమె ముఖం ఎండకు కమిలి ఉంది, చేతులు మొద్దుబారి ఉన్నాయి. నాకంటే అందగత్తె కాదు. ఆ సంగతి చూసి నాకు ఊరట కలుగుతుందని అనుకున్నాను, కలగలేదు. అందం చూసి కుళ్ళుకుంటే ఏదో ఒకరోజు ఆ అందం తగ్గుతుంది. ఈమె దగ్గర ఉన్నది తగ్గేది కాదు.

నేనెవరో చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. కొంగుతో కుర్చీ తుడిచి కూర్చోబెట్టింది. చాయ్ పెట్టింది. నేను గ్లాసు ముట్టుకోలేదు. నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టింది. తనే మా ఇంటికి రావాలనుకుందట, ముఖం చెల్లక రాలేదట. ఒకటో తారీఖు నుంచి తను డంపు మీద ఉండదట. హాజరు రాసే టైం ఆఫీసులో పనికి దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తామన్నారట, కాయితం మీద సంతకం చేయడమే మిగిలిందట. ప్రేమ్‌కు చెప్పాక ఆయన తనతో సరిగా మాట్లాడటం లేదట.

ఆయన ముఖం వాడింది ఇందుకు. నాతో గొడవకు కాదు.

నేను ఏ మాట అడగడానికి అంత దూరం వచ్చానో అది అడగకుండానే నా ఒళ్ళో పడింది. లేచి వచ్చేయవచ్చు. కానీ ఎందుకు పోతున్నావని అడిగాను, ఎందుకు అడిగానో నాకే తెలియదు. అప్పుడు ఆమె తను చేసే పని ఏమిటో చెప్పింది. ఆమె డంపర్ నడపదు. డంపు అంచున పక్కగా నిలబడుతుంది. మట్టి నింపుకుని వచ్చిన డంపర్ వెనక్కి జరుగుతూ అంచు దాకా వస్తుంది. నడిపేవాడికి వెనక ఏమీ కనపడదు, అద్దంలో ఈమె ఒక్కతే కనపడుతుంది. ఎక్కడ ఆపాలో ఈమె చెయ్యి ఎత్తి చూపాలి. ఆ రోజు అంచున పోసిన మట్టి కట్టకు చాలా ముందే నేలలో సన్నటి పగులు కనపడితే చెయ్యి ఎత్తిందట. ఆయన ఆపాడట. ఆపిన చోటే టైర్లు కుంగాయట.

"ప్రేమ్ అద్దంల నా చెయ్యి ఒక్కటే సూస్తడు అక్కా. ఎనక నేల ఉన్నదో లేదో సూడడు. గంత నమ్మితే ఎట్ల? నాకు నిద్ర పడ్తలేదు" అంది.

మ్యూచువల్ అంతా దేనికో అప్పుడు తెలిసింది. ఆమె నిలబడే షిఫ్ట్‌లో తప్ప ఆయన వెనక్కి నడపలేకపోతున్నాడు. అలవెన్సు పోతే పోయిందని ఆ చెయ్యి ఉన్న చోటికి వస్తున్నాడు. నా కోసం కాదనుకున్నాను, ఒక లెక్కన నా దగ్గరికి తిరిగి రావడం కోసమే. అయినా మంట తగ్గిందంటే అబద్ధం. ఇంకా పెరిగింది. ఆయన కాళ్ళు, చేతులు, ప్రాణం, అన్నీ ఈ మొద్దుబారిన చేతిలో ఉన్నాయి. నేను పెట్టిన అన్నం తిని ఆమె చెయ్యి చూసి బతుకుతున్నాడు.

నీ బదులు ఎవరు వస్తారని అడిగాను. ఎవరో ఒకరు, రోజుకొకరిని పంపుతారంది. కొందరు మంచిగానే చూస్తారట, కొందరు వానకు గొడుగు కింద నిలబడి ఫోన్ చూసుకుంటారట.

నేను చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. చల్లారిపోయింది, అయినా తాగాను. బస్సులో సర్దుకున్న మాట ఒక్కటి కూడా పనికిరాలేదు.

"నువ్వు పోవద్దు" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ప్రేమ్ చెప్పి పంపాడా అని అడిగింది. ఆయనకు నేను వచ్చినట్టే తెలియదన్నాను.

"నువ్వు కొట్లాటకు వచ్చినవ్ అనుకున్న అక్కా."

"కొట్లాటకే వచ్చిన. మీరిద్దరు మాట్లాడుకుంటే నాకు కడుపు మండుతది. రేపు గూడ మండుతది. మండనియ్. నువ్వు ఆడ నుంచి కదలకు."

తనకు భయంగా ఉందని ఆమె అంది. నేనూ భయపడుతున్నానన్నాను. ఇద్దరం భయపడితే భయం సగమవుతుందేమో అని నేను అనలేదు, అట్లా అయ్యేది కాదని ఇద్దరికీ తెలుసు. మరి ఆయన నాతో మాట్లాడితే నువ్వేమీ అనవు కదా అని అడిగింది. అంటాను, రోజూ అంటానని చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, నాకు రాలేదు. పోనని మాట ఇచ్చాకే నేను కుర్చీలోంచి లేచాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. గేటు బయట ఆగలేదు, ఫోన్ తీయలేదు. మట్టి కాళ్ళతోనే నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. వసారాలో అత్త ఉందని కూడా చూసుకోలేదు. పెళ్ళి రోజున కూడా ఆయన ముఖం అంత వెలిగిపోలేదు.

"రాణి పోతలేదట. ఎందుకో ఏమో, మనసు మార్చుకుందట" అన్నాడు.

ఆ సంతోషం నా కళ్ళతో చూడలేకపోయాను. పొయ్యి వైపు తిరిగి, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసి, మంచిదే గద అన్నాను.